భద్రాచలం కచేరీలో చప్పట్లు

పద్మావతమ్మ పియానో కాగితాలూ, కచేరీల క్యాసెట్లూ భద్రపరుస్తామంటూ హైదరాబాదులోని ఒక సంగీత సంస్థ నుంచి మనోజ్ఞ అనే అమ్మాయి కొత్తగూడెం వచ్చింది. గని క్వార్టర్ల పిల్లలకు పియానో నేర్పిన మనిషి ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే. స్వరాలు రాసిన కాగితాలన్నీ బల్లమీద పేర్చి, గంజిపెట్టిన చీర కట్టుకుని, పొద్దున్నుంచే ఎదురుచూస్తోంది.

ఆవిడకన్నా ఆత్రంగా ఉన్నది భర్త చెంచురామయ్య. సేద్యం తప్ప ఇంకో విద్య ఎరగడు. అయినా భార్య ఎక్కడ వాయించినా ముందు వరసలో కూర్చుని, టేప్‌రికార్డర్ ఒళ్లో పెట్టుకుని రికార్డు చేసింది ఆయనే.

"అన్నీ నేనే పట్టిన బిడ్డా. ఒక్కటి ఇడిసిపెట్టలే," అన్నాడు.

నిజమే, ఏదీ వదల్లేదు. ఇన్నేళ్లూ ఎవరూ పెట్టి వినని ఆ క్యాసెట్లలో మొదటిది పెట్టగానే పియానో, దాని మీద చెంచురామయ్య దగ్గు. ఆ వెనకే పక్కవాడితో మాటలు: "మీ దిక్కు మిర్చికి తెగులొచ్చిందంటగా? ఏం మందు కొట్టిన్రు?" ఇంకో క్యాసెట్లో ఆ మందు ఎట్లా కలపాలో వివరంగా ఉంది. మరోదాంట్లో మెల్లని రాగం ఎత్తుకున్న కాసేపటికే గురక.

పద్మావతమ్మ ముఖం కందగడ్డయింది. "ఏందయ్యా గిది? నేను వాయించింది మిర్చితోట కోసమా?"

"గా మైకు నా నోటికాడనే ఉన్నదని నాకేం ఎరుక?"

"అంకుల్ గొంతు కంప్యూటర్లో తీసేయొచ్చు మేడమ్," అంది మనోజ్ఞ నవ్వు ఆపుకుంటూ.

"తీసెయ్ తల్లీ. ఎక్కడ వినబడ్డా తీసెయ్."

తర్వాత చేతికొచ్చింది భద్రాచలం కచేరీ. పద్మావతమ్మ మూతి ముడుచుకుంది. ఆ రోజు ఆవిడ వాయించడం సగంలో ఉండగానే చెంచురామయ్య చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. ఆ గోలకే తన చెయ్యి తడబడిందనీ, మొగుడు పరువు తీశాడనీ ఆవిడ కోపం. ఇంట్లో ఏ గొడవ మొదలైనా చివరికి భద్రాచలం చేరేది.

క్యాసెట్ తిరిగింది. ఉరకలేస్తూ వచ్చిన పియానో ఠక్కున ఆగింది. చప్పట్లు లేవు. సీలింగ్ ఫ్యాన్ చప్పుడొక్కటే. అవే రెండు స్వరాలు తడుముకుని మళ్లీ ఆగాయి. అప్పుడు పక్కనున్న బావమరిదితో చెంచురామయ్య గుసగుస: "అయ్యో, మర్సిపోయింది. బాబూరావూ, చప్పట్లు కొట్టు. జల్దీ కొట్టు, అయిపోయిందనుకుంటరు!"

ఆ పైన చప్పట్లు.

పద్మావతమ్మ మొగుడి వంక చూసింది. ఆయన కిటికీ వంక చూస్తున్నాడు.

"ముందుగాల ఆగింది నేనేనా?"

"అవ్."

"మరి గిన్నేండ్లు తిట్లు తినుకుంట ఎందుకు చెప్పలే?"

"నన్ను తిడితే నీకు నిమ్మళంగ ఉండె. పోనీలే అనుకున్న."

"సంగీతం రాని మనిషివి, నేను మర్సిపోయిననని ఎట్ల తెలిసింది?"

"పొద్దుమాపు ఇంట్ల అదే వాయిస్తివి. ఆడ ఏమొస్తదో మన బర్రెకు గూడ ఎరుకే!"

పద్మావతమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు తడిశాయి. కొంగుతో తుడుచుకుని మనోజ్ఞతో అంది: "ఈ క్యాసెట్ ముట్టుకోకు. రికార్డు చేసింది చెంచురామయ్య అని పైన పెద్దగా రాయి."

సాయంత్రం దుమ్ముగూడెంలో ఉన్న తమ్ముడు బాబూరావుకు ఫోన్ చేసి, ఆనాడు పరువు కాపాడావురా అంది.

"ఏం పరువక్కా?" అన్నాడు బాబూరావు అయోమయంగా. "నేను నిద్రల ఉంటి. బావ తొడ గిచ్చిండు, లేసి చప్పట్లు కొట్టిన."