మొదటి గరిటె

హెట్టీ కుండలో గరిటె ముంచి మొదట టోబీకి అందించింది. పొయ్యి మీదున్నది మొక్కజొన్న జావే గాని, ఉడికిపోయింది ఆమె మొగుడు జిమ్సీ. కుండకి ఒకటే చెక్క గరిటె, అందరూ దానితోనే వంతులవారీగా తాగాలి. ఇన్నేళ్లూ అది ముందుగా అతని చేతికే వచ్చేది. అతిథికి ముందివ్వడం మర్యాదే. ఆ అతిథి ఒకప్పుడు హెట్టీని తనకిమ్మని ఆమె మేనమామను అడిగినవాడు కాకపోతే, జిమ్సీ కూడా ఆ మాటే అనేవాడు.

పశువుల బేరానికి ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు అవతలినుంచి వచ్చిన టోబీ జావ తాగి, మూతి తుడుచుకుని, కథ ఎత్తుకున్నాడు.

"మన తెగని సెమినోల్ అని ఎందుకంటారో తెలుసా హెట్టీ? మంద వదిలి పారిపోయిన పశువుని స్పెయిన్ వాళ్లు సిమరోన్ అనేవాళ్లంట. మనవాళ్ల నాలుకకి 'ర' తిరగదుగా! అరిగి అరిగి సెమినోల్ అయింది. ఉత్తరాన పాత ఊళ్లు వదిలి ఇక్కడ విడిగా బతికామని ఆ పేరు మనకంటించారు."

"అయితే మనమంతా తాడు తెంపుకున్న ఆవులమా!" హెట్టీ పడీ పడీ నవ్వింది.

"ఎవడయ్యా పారిపోయింది?" జిమ్సీ గొంతు లేచింది. "సెమినోల్ అంటే లొంగనిది అని. మా తాత ఎద్దుంది చూశావూ, దాని కొమ్ముల మధ్య గుడ్లగూబ సంసారం పెట్టింది! పట్టుకోవడానికి సిపాయిలొస్తే ఒక్క గుక్కలో ఒకీచోబీ సరస్సంతా తాగేసి, ఎండిన నేలమీద నింపాదిగా నడిచిపోయింది. చేపలు నిలబడి తిట్టాయి!"

"ఏమని తిట్టాయి బాబూ?" అన్నాడు టోబీ.

హెట్టీ మళ్లీ నవ్వింది. ఎద్దు కథకి కాదు, టోబీ మాటకి.

జిమ్సీ దుప్పటి భుజాన వేసుకుని లేచాడు. ఇల్లు ఆమె వంశానిది, అతనిదంటూ ఉన్నది ఆ దుప్పటే. దుప్పటితో వెళ్లినవాడు తిరిగి రాకపోతే పెళ్లి తెగిపోయినట్టే.

మర్నాడు పొద్దెక్కేదాకా తాటిపొదల్లో పచ్చికట్టెలు రాజేసి, పొగకి కళ్లు నలుపుకుంటూ, టోబీ ఇంకా అక్కడే ఉన్నాడా అని చెవి అటే పెట్టాడు. వచ్చింది హెట్టీ. ఒక చేత జావ కుండ, ఇంకో చేత తన పొయ్యిలోని కొరకంచు.

"ఏమయ్యా, దోమలతో కాపురం బాగుందా?"

"నీ చుట్టం వెళ్లాడా?"

"తెల్లారకుండానే." ఆమె కుండ దించి, నడుముకి దోపిన గరిటె తీసి చాపింది.

జిమ్సీ వెంటనే ముంచలేదు. గరిటె అంచు వేలితో తడిమాడు. పొడిగా ఉంది, ఈ పొద్దున ఇంకెవరూ దానితో తాగలేదు. అప్పుడు ముంచుకున్నాడు.

"పారిపోవడం కాదు, లొంగకపోవడం," అన్నాడు జావ మింగుతూ.

"ఏదైతేనేం! ఆ ఎద్దు తాడు లేకుండా ఇంటికొస్తుందా, రాదా?"

జిమ్సీ దుప్పటి మడిచి చంకన పెట్టుకున్నాడు.

"వస్తుంది. కానీ ఆ చేపలేమని తిట్టాయో దారిలో నన్ను అడగాలి నువ్వు."