చెమట పట్టని చర్మం

కంపెనీ డాక్టరు ఆ పెద్దాయన మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన్ని అక్కడికి నడిపించుకెళ్ళింది నేనే, కళ్ళారా చూశాను. కాలిన గాయాల వార్డులో పదహారేళ్ళుగా ఆయా పని చేస్తున్నాను, చెప్పుడు మాటలు నమ్మే రకాన్ని కాను. చల్లటి గదిలో కుర్చీలో వెనక్కి వాలి "పిడికిలి బిగించు" అన్నాడు. పెద్దాయన పళ్ళు కొరుక్కుని బిగించాడు. "నడువు" అన్నాడు. నడిచాడు. "ఫిట్. సోమవారం నుంచి డ్యూటీ." అంతే! ఫర్నేసు పేలి పదకొండు మంది కాలిపోతే, మొదటివాణ్ణి రెండు నిమిషాల్లో తేల్చి పారేశాడు.

బుధవారం మధ్యాహ్నానికి పెద్దాయనను మళ్ళీ మా వార్డుకే మోసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, నోట మాట లేదు. శుక్రవారం పోయాడు. గుండె ఆగి చనిపోయాడని కాగితం మీద రాశారు. గుండె ఆగకుండా పోయినవాణ్ణి ఎవరినైనా చూశారా మీరు?

మిగిలిన పదిమందిలో మా మరిది ఒకడు. మెడ నుంచి నడుము దాకా, కుడి చేయి మొత్తం కాలింది. తొడల మీది చర్మం తీసి అతికించారు.

నాకు ఒకటే ప్రశ్న. పెద్దాయన పిడికిలి బిగించగలడని కంపెనీకి ఎవరు చెప్పారు? వార్డులో ఆయన మొదటిసారి బిగించిన మర్నాడే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఆ సంగతి తెలిసింది ఒక్క ఫిజియో మేడమ్‌కే. రోజూ పొద్దున వచ్చి అందరి వేళ్ళూ వంచి, ఎవరి వేలు ఎంత వంగిందో నోటుపుస్తకంలో రాసుకుపోతుంది. నవ్వుతూ రాస్తుంది కూడా. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మరిది చెవిలో చెప్పాను. "ఆవిడ వంచుతుంటే బిగబట్టు. నొప్పి అను. ఆవిడ వెళ్ళాక కూడా కదపకు, కిటికీలకీ కళ్ళుంటాయి."

"చెయ్యి పట్టేస్తుందేమో వదినా?"

"ప్రాణం పోయేకన్నా నయం కదా!"

వారం తిరిగేసరికి పదిమందీ అదే పట్టు పట్టారు. మూడు వారాలు గడిచాయి. అప్పుడు మేడమ్ ఒకరోజు మరిది చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగు వేళ్ళూ సగం ముడుచుకుని ఆగిపోయాయి. ముందుకీ రావు, వెనక్కీ పోవు.

"ఇది మంట చేసిన పని కాదు," అంది. "మీరు చేసుకున్నది. అందరూ కలిసి ఇంత బద్ధకమా? మీకు బాగుపడాలని లేదా?"

మరిది ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. "బాగుపడితే ఏమవుతుందో పెద్దాయన చూపించాడుగా! మీరు రాసి పంపుతారు, వాళ్ళు ఫిట్ అంటారు. ఆయన్ని చంపింది మీరే."

"నేనా?" మేడమ్ మంచం అంచున కూలబడింది. నాకు మాత్రం జాలి కలగలేదు. నటించేవాళ్ళను చాలామందిని చూశాను. తుడుస్తున్న గుడ్డ బకెట్‌లో పడేసి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ పుస్తకం సాయంత్రం ఎక్కడికి పోతుంది?"

"రికార్డు గదికి."

"అక్కణ్ణుంచి?"

ఆవిడకు తెలియదట. పద, తెలుసుకుందాం అన్నాను. ఇద్దరం వెళ్ళాం. గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "కంపెనీకి ఒక కాపీ వెళ్తుంది మేడమ్. వార్డు కట్టించింది వాళ్ళేగా! మన ఆస్పత్రి పెద్ద డాక్టరుగారి ఆర్డరు, మొదట్నుంచీ ఉన్నదే."

వరండాలోకి రాగానే కడిగేశాను. "ఎనిమిదేళ్ళుగా రాస్తున్నావు. ఎక్కడికి పోతోందని ఒక్క రోజు కూడా అడగలేదా?"

"అడగలేదు," అంది. నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అంది, "చెయ్యి కదపొద్దని వాళ్ళకి చెప్పేముందు నువ్వు నన్ను అడిగావా ఆయమ్మా?"

మా ఇంటి పిల్లాడి చెయ్యి నేనే పాడుచేశాను. ఆవిడ మీద నాకున్న అనుమానం, మామీద ఆవిడకున్న చులకన, రెండూ కలిసి కంపెనీ పనే చేసిపెట్టాయి.

ఆ మధ్యాహ్నం వార్డులోనే కూర్చున్నాం. పదిమంది రోగులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, చూడటానికొచ్చినట్టు వచ్చిన ఫర్నేసు మేస్త్రి. మేస్త్రి తలుపు దగ్గరే నిలబడి, "ఈవిడ ఇక్కడుంటే నేను మాట్లాడను," అన్నాడు. ఉండనీ, నేను కాపలా కాస్తానులే అన్నాను.

మేడమ్ పుస్తకం మూసేసింది. "నేను చూసేది కీళ్ళు బిగుసుకోకూడదు, పుండు చీము పట్టకూడదు అనే. మీకేం కావాలో నన్ను ఎవరూ అడగమనలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

ముందుగా మూల మంచం మీది వెల్డరు గొణిగాడు. "దురద. పిచ్చెక్కుతోంది. మందులిస్తారు గానీ దురద గురించి ఎవరూ రాయరు."

"నా చొక్కా గుండీ నేనే పెట్టుకోవాలి," అన్నాడు ఇంకొకడు. "పెళ్ళాం పెడుతుంటే చచ్చిపోవాలనిపిస్తోంది."

"నోర్ముయ్," అంది పక్కనున్న పెళ్ళాం. అందరూ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"మా పాప నన్ను చూసి తలుపు వెనక దాక్కుంటోంది," అన్నాడు క్రేను ఆపరేటరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాకు వేడంటే భయం," అన్నాడు మరిది. "ఎండలో నిలబడితే చాలు, లోపల ఉడికిపోతున్నట్టుంటుంది."

మేడమ్ తలెత్తింది. "అది భయం కాదు. అతికించిన చర్మానికి చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోదు. పెద్దాయన పోయింది అందుకే."

"మరి కంపెనీ డాక్టరు నింపే ఫిట్‌నెస్ ఫారంలో అది ఎక్కడుంది?" అన్నాడు మేస్త్రి.

"లేదు. పిడికిలి, నడక, చూపు. అంతవరకే."

మేస్త్రి తలుపు వదిలి లోపలికొచ్చి కూర్చున్నాడు. పరీక్ష ఎక్కడ జరగాలో ఆ రోజే తేల్చుకున్నాం. చెయ్యి సంగతీ అడిగాను. నెలరోజులు పూటపూటా వంచాలి, ఒక్కపూట మానినా మళ్ళీ పట్టేస్తుంది, ఆ తర్వాత కత్తే గతి అంది మేడమ్. ఆ పూటే మొదలుపెట్టింది. మరిది అరిచిన అరుపులకు నేను బయటికి పారిపోయాను.

పదిహేను రోజులకు పదిమందికీ కంపెనీ మెడికల్ బోర్డు నుంచి పిలుపొచ్చింది. తోడుగా మేడమ్, నేనూ వెళ్ళాం. అదే చల్లటి గది, అదే కుర్చీ, అదే డాక్టరు. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు పక్కనే నిలబడ్డాడు.

"పిడికిలి బిగించు."

"బిగించను," అన్నాడు మరిది. "పరీక్ష ఫర్నేసు దగ్గర పెట్టండి. నా పక్కన మీరూ నిలబడండి."

"వీడికి మతి పోయిందా?" అన్నాడు డాక్టరు.

"అందరికీ పోయింది," అన్నారు వెనక తొమ్మిదిమంది. కిటికీ బయట షిఫ్టు మొత్తం గుమిగూడి ఉంది. డాక్టరు కిటికీ వైపు చూశాడు, ఆఫీసరు వైపు చూశాడు, లేచాడు.

ఫర్నేసుకు పది అడుగుల దూరంలో ఇద్దరూ నిలబడ్డారు. మరిది చొక్కా విప్పాడు. నాలుగు నిమిషాల్లో డాక్టరు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, గడ్డం మీంచి చెమట కారుతోంది. మరిది వీపు మీద చుక్క లేదు. ఎర్రగా, పొడిగా, మెరుస్తోంది. మేడమ్ థర్మామీటరు చూసి గట్టిగా చదివింది. "నూట ఒకటి." కాసేపటికి, "నూట రెండున్నర. చాలు, బయటికి లాగండి!"

నీళ్ళు పోసి కూర్చోబెట్టాం. ఆవిడ ఆ అంకెను సుద్దముక్కతో గోడ మీద పెద్దగా రాసింది.

"చెరిపెయ్యండి," అన్నాడు ఆఫీసరు. ఒక్కరూ కదల్లేదు. "మేడమ్, మీ ఉద్యోగం ఇవాళ్టితో సరి."

మేస్త్రి ఫర్నేసు వైపు తిరిగి కేకేశాడు. "మంట తీసెయ్యండ్రా! ఆ గోడ మీదున్నది ఫారంలో రాసేదాకా ఎవడూ ముట్టించొద్దు."

గంటలో పోలీసులొచ్చారు. చేతికందినవాళ్ళనల్లా వ్యానులోకి తోశారు. పద్దెనిమిది మందిమి. మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా కూర్చున్నాం.

వ్యాను కదిలాక మేడమ్ మరిది చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "సాయంత్రం పూట వ్యాయామం కాలేదు."

వాడు కెవ్వుమన్నాడు. కానిస్టేబులు లాఠీతో జాలీ మీద కొట్టాడు. "ఏయ్, ఏం చేస్తున్నారు?"

"వైద్యం," అంది, చెయ్యి వదలకుండానే. తర్వాత నా వైపు తిరిగింది. "నన్ను వేరే చోట పెడతారు. నువ్వు పట్టుకో ఆయమ్మా. ఇక్కడ బొటనవేలు ఆనించు. మెల్లగా. వాడు ఏడ్చినా ఆపకు."

"నన్నూ వేరే చోట పెడితే?"

ఆవిడ వ్యానంతా ఒకసారి చూసింది. మేస్త్రి తన మొరటు చేతులు ముందుకు చాపాడు. తర్వాత క్రేను ఆపరేటరు, తర్వాత నేను ఎన్నడూ చూడని షిఫ్టు పనివాడొకడు. ఒకరి తర్వాత ఒకరు ఆ చేతిని అందుకున్నారు. మరిది ఏడుస్తూనే, "అలా కాదు, కింద పట్టు," అని సరిదిద్దుతున్నాడు.

స్టేషన్ చేరేసరికి ఆ పని పద్దెనిమిది మందికీ వచ్చు.