నూకరత్నం గోడ మీది ఆకుపచ్చ

నేను ఒక ఆకుపచ్చ రంగును. చిలకపచ్చనో, అరిటాకు పచ్చనో అనుకునేరు. పెసరపిండిలో కాస్త బూడిద కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటాను. అనకాపల్లిలో ఒక రంగుల దుకాణంలో పుట్టాను. డబ్బాలో ఉన్న తెల్లరంగులో రంగులు కలిపే మిషను కొన్ని పచ్చ చుక్కలు, కొన్ని పసుపు చుక్కలు, రెండు మూడు నల్ల చుక్కలు వేసి గడగడా ఊపింది. మూత తీసి చూసిన ఆసామి, "ఇదేటిది, ఉతికి ఉతికి వెలిసిపోయినట్టుంది! నాకొద్దు" అని వెళ్లిపోయాడు. కలిపిన చుక్కలు వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. ఏడాదిపాటు దుకాణం మెట్ల కింద పడి ఉన్నాను.

అదే ఊళ్లో నూకరత్నం ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఇరవై ఏళ్ల అనుభవం. చీర చూస్తే చాలు, సరిపోయే దారం చేతికి వచ్చేది. అప్పట్లో ఆ గదివి సున్నం గోడలు. భర్త సన్యాసినాయుడు ముచ్చటపడి వాటికి ముదురు నారింజ రంగు వేయించాడు. ఆ తర్వాతే తప్పులు మొదలయ్యాయి. హైమావతి టీచరు కూతురి పెళ్లి జాకెట్టు మీగడ రంగుది. దానికి లేత గులాబి దారం పడింది. టీచరు దాన్ని వీధిలో ఎండకి పట్టి చూసి, "నీ కళ్లు మునపట్లా లేవు నూకరత్నం" అంది. తిట్టినా బాగుండేది. కుట్టాల్సిన బట్టలన్నీ పట్టుకుపోయింది.

కళ్ల డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. నూకరత్నం నమ్మలేదు. మిషను అమ్మేస్తానని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

రంగులు వేసే ఏసుపాదం ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి ఆ మాట విన్నాడు. జేబులోంచి తెల్ల కాగితం తీసి గోడ పక్కన పట్టాడు.

"ఇదేం రంగమ్మా?"

"గంధం రంగు... ఉండు, తెలుపు కదూ!"

"తప్పు మీ కళ్లది కాదమ్మా, గోడది. వెలుగుకి తన రంగు పులిమి గుడ్డల మీదకి తోలుతోంది."

"అయితే మళ్లీ సున్నమేనా?"

"తెల్లగోడ ఎండపూట కళ్లల్లో పొడుస్తాది. కొట్లో ఎవరికీ అక్కర్లేని రంగొకటుంది. గుడ్డల జోలికి రాదు."

నా గురించి ఒక మనిషి చెప్పిన మొదటి మంచిమాట అది.

ముందు తెల్ల ప్రైమరు, ఆపైన నేను. మొదటి పూత తడి ఆరకముందే సన్యాసినాయుడు వచ్చాడు.

"ఏమే, ఇది ఇల్లా, ఆస్పత్రా? గుమ్మంలో చీటీలు కూడా ఇస్తావా?"

"ముందా నారింజ చొక్కా మార్చుకోండి. మీకన్నా గట్టిగా అరుస్తోంది."

"ఆరనివ్వండి నాయుడుగారూ," అన్నాడు ఏసుపాదం. "తడి గోడని చూసి తగువు పెట్టుకోకూడదు."

మర్నాటికి రెండో పూతా ఆరి, నేను నా అసలు రంగుకి వచ్చాను. నూకరత్నం రీళ్ల పెట్టె నేల మీద బోర్లించింది. మీగడ రంగు దారాల్లో తన చేత్తోనే పెట్టిన గులాబి రీళ్లు నాలుగు దొరికాయి. వాటిని ఏరి పక్కన పెట్టింది. తర్వాత చెప్పులేసుకుని తిన్నగా టీచరు ఇంటికి వెళ్లింది.

"పెళ్లికింకా పది రోజులుంది కదండీ టీచరుగారూ. ఆ జాకెట్టు ఇవ్వండి. నచ్చకపోతే ఇంక మీ గుమ్మం ఎక్కను."

కుట్లు విప్పి కొత్త దారంతో కుట్టింది. సాయంత్రం టీచరే వచ్చింది. జాకెట్టు తీసుకుని వీధి వెలుగులోకి వెళ్లింది. నూకరత్నం మిషను చక్రం పట్టుకుంది. నేనూ గోడని గట్టిగా పట్టుకున్నాను.

టీచరు లోపలికి వచ్చి సంచీలోంచి మరో మూడు జాకెట్టు గుడ్డలు తీసి మిషను మీద పెట్టింది.

"గురువారానికి అవుతాయా?"

"బుధవారమే రండి."

ఇది జరిగి నాలుగేళ్లయింది. స్విచ్చి పక్కన చేతి మరకలు పడ్డాయి. ఒక మూల చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాను. ఇక్కడికి వచ్చేవాళ్లు చీరల్ని చూస్తారు, నన్ను చూడరు. మెట్ల కింద ఏడాది గడిపిన నాకు ఒక మనిషి పనికి అడ్డురాకుండా పక్కన నిలబడే చోటు దొరికింది. అంతకన్నా ఏం అడగను?

ఎవరైనా గది చల్లగా ఉందంటే సన్యాసినాయుడు మీసం సవరించుకుని, "ఏరి కోరి నేనే వేయించానండీ" అంటాడు. నూకరత్నం పళ్లతో దారం తెంపి, సూది ఎక్కిస్తూ నా వైపు చూసి నవ్వుతుంది.