రెండు చేతుల పడగ

కనుకయ్య చెప్పే పాములు ఏ అడవిలోనూ పుట్టినవి కావు, అతని నోట్లో పుట్టినవి. ఒకసారి ఊళ్లో కాలువకు అడ్డంగా పడిన మొద్దు మీద అవతలి గట్టుకు నడిచాడట. దిగి చూస్తే మొద్దు ఆవులించిందట.

"ఆవులించి ఏమన్నది కాకా?" అని కార్ఖానాలో పక్క సాంచల మీద నేసే నర్సింహులు ఎగదోసేవాడు.

"చెప్పులిడిసి ఎక్కరాదా బిడ్డా, అన్నది!"

వాళ్లు ఊరొదిలి బతకపోయిన టెంఘర్‌లో లక్ష్మీనర్సయ్య సేటు కార్ఖానా పొలాల అంచునే ఉండేది. మరమగ్గాల సాంచలు ఆడుతుంటే నెత్తిన పిడుగు పడ్డా వినపడదు. లోపల మాటలన్నీ చేతులతోనే. బొటనవేలు నోటికి చూపితే చాయ్, పిడికిలి తిప్పితే దారం తెగిందని. వీటికి కనుకయ్య తన సొంతం ఒకటి చేర్చాడు: మోచేయి నిలబెట్టి, అరచెయ్యి పడగలా వంచి ఊపడం. అవతలి మూల కండెలు చుట్టే భార్య వెంకవ్వ తలెత్తితే చాలు, ఆ పడగ లేచేది. మొదట్లో ఆమె చీర ఎత్తిపట్టి బల్లెక్కేది. కార్ఖానా అంతా పడీపడీ నవ్వేది. పోనుపోను నాలుక చాపి వెక్కిరించి ఊరుకునేది.

ఇంటికొచ్చాకే తిట్లు. "ఒక్కనాడు నిజంగ వస్తె ఏ చెయ్యి లేపుతవ్?"

"గప్పుడు రెండు చేతులు లేపుత తియ్!"

ఆ వానాకాలం గోదాముల కోసం చుట్టూ పొలాల్లో మట్టి పోశారు. బొరియలు పూడిన పాములు గోడలు పట్టుకుని వచ్చాయి.

ఒక మధ్యాహ్నం కనుకయ్య తలెత్తాడు. పొయ్యి రాజేయడానికి పట్టుకుపోయే తెగిన దారం కోసం వెంకవ్వ మూలనున్న కుప్ప మీదికి వంగింది. కుప్ప వెనక నాగుపాము పడగ విప్పి నిలబడింది. అది బుసకొట్టే ఉంటుంది. సాంచలు విననిస్తేగా! అతను అరిచాడు, ఆ అరుపు అతని చెవికే చేరలేదు. చెయ్యి లేపి పడగ పట్టాడు. వెంకవ్వ చూసింది, నాలుక చాపింది. రెండో చెయ్యీ లేపాడు. ఆమె భుజాలు కదిలేలా నవ్వి, తనూ ఒక పడగ ఊపి, ఆ చేతినే కుప్పలో పెట్టింది.

సేటే పరుగెత్తి ఆటోరిక్షా తెచ్చాడు. రోడ్డు నిండా గోదాముల లారీలు, తోకకు తోక. సేటు కిందికి దిగి "హటావ్ భాయ్, సాప్ కాటా హై!" అని, పాము కరిచింది జరగమని ఒక్కో లారీ తలుపూ బాదుతున్నాడు. కనుకయ్య ఒడిలో వెంకవ్వ రెప్పలు వాలిపోతున్నాయి.

"కండ్లు మూయకే. ఏమన్న అను. తిట్టు నన్ను, నీ కాళ్లు మొక్కుత."

ఆమెకు నాలుక తిరగలేదు. మోచేయి మెల్లగా లేచింది. అరచెయ్యి వంగింది. నిజంగానే వచ్చిందా అని అడుగుతోందో, దెప్పుతోందో, ఆటే పట్టిస్తోందో అతనికి తెలియలేదు. కనుకయ్య రెండు చేతులూ లేపి చూపించాడు. ఆమె చెంప కొంచెం కదిలింది. తరువాత ఆ చెయ్యి ఒడిలోకి వాలిపోయింది.

ఆస్పత్రి గేటు దగ్గర ఎవరూ తొందరపడలేదు.

కర్మ అయ్యాక కనుకయ్య మళ్లీ సాంచల మధ్య నిలబడ్డాడు. చాయ్ కావాలన్నా, దారం తెగిందన్నా, ఆ మోతలో మనిషి దగ్గరికి నడిచి వెళ్లి చెవిలో అరిచేవాడు. చేతులు మాత్రం పైకి లేపేవాడు కాదు.