కోసేసిన కొక్కేలు

అణువ్యర్థాలు నింపి లోతైన గోతిలోకి దించే ఉక్కు పీపాలకు మూతలు అతికేది మా బావ. ఆ ఉక్కు ముక్కలను నీళ్లలో నానబెట్టి చూసేది నేను. మామూలు నీళ్లలో ముక్క అద్దంలా మెరిసింది. రేడియేషన్ తగిలే తొట్టిలోది మాత్రం గుంటలు పడి తుప్పు పట్టింది.

"అంటే నా అతుకు పనికిరాదంటావా?" బావ కస్సుమన్నాడు.

"నీ అతుకు బంగారం. లోపలి రేడియేషన్ పీపా గోడ దాటొచ్చి గోతిలో ఊరే నీళ్లని పాడుచేస్తోంది. ఆ నీళ్లే పీపాని తినేస్తాయి."

"ఐతే గోతిలోంచి లాగి ఇంకో తొడుగు వేద్దాం. దానికింత ఏడుపెందుకు?"

"దేన్ని పట్టుకుని లాగుతావు బావా?"

బావ గోతిని చూపే కెమెరా తెర వైపు తిరిగాడు. దించిన ప్రతి పీపాకీ, మూత అందంగా కనబడాలని, యంత్రపు చేత్తో పైకెత్తే కొక్కేలు కోయించి నున్నగా అరగదీయించింది తనే.

తెర మీద ఆ మూతలు వెన్నముద్దల్లా ఉన్నాయి. వాటి చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి.