అమ్మ ఆగిన చోట్లు

యాడ్ ముప్పై సెకన్లు ఉండాలి. నా దగ్గర ముప్పై సెకన్ల మీద పదకొండు ఫ్రేములు ఉన్నాయి. సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు కాబట్టి ఎక్కువైంది అర సెకను కూడా కాదు. కానీ చానల్ వాళ్ళు ఒక్క ఫ్రేము ఎక్కువున్నా ఫైలు తిప్పి పంపేస్తారు. పైగా నా వెనక సోఫాలో కూర్చున్న ఏజెన్సీ ఆయనకి చివర్లో పరుపుల కంపెనీ పేరు ఇంకో సెకను కనబడాలట.

"ఆవిడ పరుపు మీద కూర్చున్నాక, మాట్లాడే ముందు ఏదో ఆలోచిస్తోంది కదండీ, అది లేపేద్దాం," అన్నాడాయన.

"ఆలోచించడం లేదండీ, హాయిగా ఊపిరి పీలుస్తోంది. పరుపు యాడ్ కదా."

"మనం అమ్మేది పరుపండీ, ఊపిరి కాదు."

లేపేశాను. ఆవిడ ఇప్పుడు కూర్చోవడమే తరువాయి, వెనక ఎవరో తరుముతున్నట్టు మాట్లాడేస్తుంది. ఏజెన్సీ ఆయన మొహం వెలిగిపోయింది.

పద్నాలుగేళ్ళుగా ఇదే నా పని. యాడ్లు, టీవీ ఇంటర్వ్యూలు, వంటల పోటీలు. పక్క గదిలో సౌండ్ ఇంజినీరు నాకు కత్తెర అని పేరు పెట్టాడు. నేను కోసిన ఇంటర్వ్యూలో మనుషులు దగ్గరు, నీళ్ళు నమలరు, "అంటే, అదీ" అనరు. మంత్రులు కూడా చదువుకున్నవాళ్ళలా మాట్లాడతారు. ఈ రోగం ఇంటికీ పాకింది. మా ఆయన ఆఫీసు సంగతి చెబుతూ మధ్యలో ఆగితే నా వేలు ఒళ్ళో డిలీట్ బటన్ వెతుకుతుంది. ఎదుటివాళ్ళ వాక్యం నేనే పూర్తి చేసేస్తాను. తప్పని తెలుసు. కానీ ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ సోమవారం నా బల్ల మీద పరుపు యాడ్‌తో పాటు అమ్మ వీడియో కూడా ఉంది.

అమ్మకీ పెద్దమ్మకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. అమ్మమ్మ పోయిన రోజు పెద్దమ్మ ఏడుస్తుంటే అమ్మ అందరి ముందూ, "నెల్లాళ్ళు మంచంలో ఉంటే రాలేనిదానివి, ఇప్పుడెందుకే ఈ ఏడుపు?" అనేసింది. పెద్దమ్మ లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అదే ఆఖరు. ఇప్పుడు పెద్దమ్మకి శుక్రవారం గుండె ఆపరేషన్. అమ్మ ఫోన్ చేస్తే తీయడం లేదు. నేను పంపిన మెసేజీలు మాత్రం చూస్తుంది. అందుకని ఆదివారం వీడియో తీయమని అమ్మ నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నేను మాట్లాడింది మాట్లాడినట్టు పంపు. మళ్ళీ మళ్ళీ నా వల్ల కాదు," అంది.

నాలుగు నిమిషాల పది సెకన్లు మాట్లాడింది. నిజానికి మాట్లాడింది అందులో నిమిషం కూడా లేదు. "అక్కా" అని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. గోడకేసి చూసింది. నేను ఫోన్ పట్టుకుని కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాను.

సోమవారం ఏజెన్సీ ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు దాన్ని తెరిచాను. పంపేద్దామనే తెరిచాను, ఒట్టు. మొదట్లో దగ్గు ఒకటి తీశాను. తరవాత రెండు "అక్కా"లు. ఆ తరవాత చేయి దానంతటదే నడిచింది. కళ్ళజోడు పోయింది, గోడ పోయింది. యాభై ఎనిమిది సెకన్లు మిగిలాయి. అమ్మ తడబడకుండా, చక్కగా, ఒక్క గుక్కలో తన తప్పు ఒప్పుకుంది. భలే వచ్చిందని మురిసిపోయి పెద్దమ్మకి పంపాను.

చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

మంగళవారం అమ్మ తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. "చూసిందా?" "చూసిందమ్మా." "ఏమంది?" "ఏం అనలేదు." "మళ్ళీ చూసిందేమో కనుక్కో." అది కనుక్కోవడం కుదరదని ఎంత చెప్పినా వినదు. కుర్చీలో నిలవలేక నేను కాఫీ మెషీన్ దాకా, అక్కడి నుంచి మెట్ల దాకా తిరిగాను. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు అన్నాడు సౌండ్ ఇంజినీరు. పరుపు యాడ్‌లో ఒక కట్ రెండుసార్లు తప్పు చోట వేశాను, ఎప్పుడూ లేనిది.

బుధవారం మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేశాడు.

"చెల్లాయ్, ఏమీ అనుకోకు. మీరెవరూ ఆసుపత్రికి రావద్దంటోంది అమ్మ."

"వీడియో చూసింది కదా!"

"చూసింది. 'ఎవరో రాసిచ్చిన కాగితం అప్పజెప్పింది, చావుబతుకుల్లో ఉన్నానని మొక్కుబడి తీర్చుకుంది' అంది. నేను చూసినా అలాగే ఉందమ్మా. పిన్ని అలా గడగడా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు."

ఏజెన్సీ ఆయన్ని సోఫాలోనే వదిలేసి మెట్ల మీదకి వచ్చి కూర్చున్నాను. చేసిందెవరో నాకు తెలుసు. నా చేతులే. చెంపలు వాయించుకుందామన్నంత కోపం వచ్చింది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎంత కోసినా అసలు రీలు చెరపకూడదు. వెనక్కి వెళ్ళి అమ్మ అసలు వీడియోని మొదటిసారి చేతులు కట్టుకుని చూశాను.

రెండో నిమిషంలో అమ్మ అంటోంది: "అక్కా, అమ్మ మంచంలో ఉన్నప్పుడు నువ్వు వస్తానంటే, కంగారేం లేదు, రావద్దు అని చెప్పింది నేనే కదే." ఆ తరవాత పందొమ్మిది సెకన్లు ఏమీ లేదు. అమ్మ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. తుడవడం మర్చిపోయింది. గోడకేసి తిరిగింది. పెదవులు కదిలాయి, నోరు పెగల్లేదు. అప్పుడు, చాలా చిన్నగా, "ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు," అంది. ఆ పందొమ్మిది సెకన్లని నేను ఎనిమిది ఫ్రేములు చేశాను.

సాయంత్రం అమ్మకి చెప్పేశాను. దాచడానికి ప్రయత్నించానని ఒప్పుకుంటాను, కానీ అమ్మ "చూసిందా?" అని పదోసారి అడిగేసరికి నా వల్ల కాలేదు. అమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను.

"ఉన్నదున్నట్టు పంపమన్నానుగా," అంది చివరికి. "ఆరేళ్ళు నోట రాని మాట నిమిషంలో వచ్చేసిందంటే అదెలా నమ్ముతుందే? నేనైనా నమ్ముతానా?"

"బాగుండాలని చేశానమ్మా."

"బాగుండాలని నిన్నెవరడిగారు?"

అన్నయ్యకి అసలు వీడియో పంపాను. కింద ఇలా రాశాను: తప్పు నాది, పిన్నిది కాదు. ఒక్కసారి మొత్తం చూపించు. ముందుకి జరపొద్దు. పెద్దమ్మ జరపమన్నా జరపొద్దు.

గురువారం ఆఫీసుకి వెళ్ళలేదు, అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మ ఫోన్ బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నేను వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. ఏజెన్సీ ఆయన మాత్రం నాకు ఆరుసార్లు ఫోన్ చేశాడు, పరుపు రంగు ఇంకా తెల్లగా రావాలట. పదకొండున్నరకి అమ్మ ఫోన్ మోగింది. తెర మీద పెద్దమ్మ పేరు. అమ్మ ఏది నొక్కాలో వెతుక్కుంటుంటే నేనే నొక్కి స్పీకర్‌లో పెట్టాను.

"అక్కా," అంది అమ్మ.

అటు నుంచి ఏమీ లేదు. ఆసుపత్రిలో ఎక్కడో ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో నర్సుని పిలవడం. అంతే. నేను మనసులో సెకన్లు లెక్కపెడుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. "పెద్దమ్మా, వినబడుతోందా?" అని గొంతు దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. పన్నెండు, పదమూడు. అమ్మ ఫోన్‌కేసి చూస్తోంది, నావైపు కాదు. నా వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పద్దెనిమిది దాకా లెక్కపెట్టి వదిలేశాను.

"ఒసేయ్," అంది పెద్దమ్మ. గొంతు బొంగురుగా ఉంది. "ఏడుపొచ్చినప్పుడల్లా కళ్ళజోడు తుడవడం ఇంకా మానలేదుటే నువ్వు?"

అమ్మ చేతిలో కళ్ళజోడు ఉంది. లేదని తల అడ్డంగా ఊపింది, ఫోన్‌లో కనబడదని మర్చిపోయి. నేను గుర్తుచేయలేదు.