సింగపూర్ లిస్టు

పన్నెండున్నరకు ఆరు వందల మంది తినాల్సిన కాలేజీ మెస్సులో, పదకొండు దాటినా ఒక్క పొయ్యే మండుతోంది. దాని మీద పెద్ద గంజులో సాంబారు కుతకుత ఉడుకుతోంది. మిగిలిన ఐదు పొయ్యిలూ చల్లగా ఉన్నాయి. గంటె పట్టుకొని అంతమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడింది. ఆమెకు ఎదురుగా, కొంగులు నడుముకు చెక్కుకొని, పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడ్డారు.

“బంద్ చెయ్యి అంతక్కా,” అన్నది బీరమ్మ.

అంతమ్మ తల తిప్పలేదు. “సింగపూర్ సార్లు వస్తున్నరంట. ఇయ్యాల ఒక్క పూట వండుదాం. రేపటి సంది బంద్ పెడ్దాం.”

“రేపు మన మొఖం ఎవడు చూస్తడు? ఆళ్లకు ఇయ్యాలనే మనతోని అక్కెర ఉన్నది. ఇయ్యాలనే అడగాలె.”

“నా బిడ్డ సంగతి నీకు తెల్వదా?”

“తెల్వకేంది? అఖిల పోవద్దని ఎవలన్నరే? నా కూలి నాకియ్యమంటున్న, గంతే.”

రెండు నెలలుగా మెస్సులో ఎవరికీ జీతం రాలేదు. అంతమ్మకు నెలకు రెండు వేల రెండు వందలు. రొట్టెలు చేసే బీరమ్మకు పందొమ్మిది వందలు. చిల్కూరు నుంచి మొయినాబాద్‌కు ఆటోకు రానుపోను పది రూపాయలు పెట్టుకొని వస్తుంది బీరమ్మ. ఈ నెలలో వారం రోజులు నడిచే వచ్చింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. జీతాల సంగతి అడిగితే మొదట చెక్కు రాలేదన్నారు, తర్వాత బ్యాంకు సెలవన్నారు. పోయిన సోమవారం అకౌంట్ల గుమాస్తా విసుక్కొని అసలు మాట చెప్పేశాడు. ముప్ఫై మంది పిల్లలను కాలేజీ సింగపూర్ చదువు యాత్రకు పంపుతోంది. విమానం టికెట్ల డబ్బు ఒకేసారి కట్టాల్సి వచ్చింది. జీతాలు పిల్లలు తిరిగొచ్చాకే.

ఆ యాత్ర సంగతి రెండు నెలలుగా పేపర్లలో వస్తూనే ఉంది. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. చేవెళ్ల రోడ్డు పొడుగునా ఏడాదికో ఇంజనీరింగ్ కాలేజీ పుడుతోంది. పిల్లలను విదేశానికి పంపే కాలేజీ అంటే వచ్చే ఏడు సీట్లు ఖాళీ ఉండవు. అక్కడి యూనివర్సిటీలో ఐదు రోజులు, కంప్యూటర్ కంపెనీల్లో మూడు రోజులు. ప్రోగ్రామంతా కూర్చి పెట్టింది కంప్యూటర్స్ పాఠాలు చెప్పే అరుణశ్రీ మేడం. మనిషికి అరవై రెండు వేల ఖర్చు. సగం తల్లిదండ్రులది, సగం కాలేజీది. బాగా చదివే ఐదుగురికి మొత్తం కాలేజీయే పెట్టుకుంటుంది. ఆ ఐదుగురిలో రెండో పేరు అఖిలది. మెస్సులో సాంబారు కాచే అంతమ్మ కూతురు, మూడో సంవత్సరం కంప్యూటర్స్.

ముందు రోజు అందరూ కలిసి పొయ్యిలు ముట్టించవద్దని ఒట్టు పెట్టుకున్నప్పుడు అంతమ్మ కూడా చెయ్యి కలిపింది. తెల్లారి గేటు దగ్గర మేనేజర్ నాగేందర్ ఆమెను పక్కకు పిలిచాడు. “నీ బిడ్డ పేరు లిస్టుల ఉన్నది. లిస్టు నా టేబుల్ మీద ఉన్నది. చూస్కో,” అని మాత్రం అన్నాడు. ఆమె లోపలికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా అగ్గిపుల్ల గీసింది.

“నువ్వు బంద్ చెయ్యకుంటె నేనే చేస్త,” అంటూ బీరమ్మ వంగి గ్యాసు నాబు మీద చెయ్యి వేసింది.

అప్పుడే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. నాగేందర్, అతని వెనక ముగ్గురు సెక్యూరిటీ గార్డులు. ముందున్న ఆడవాళ్లను గార్డులు కర్రలు అడ్డం పెట్టి గోడకు నెట్టారు. ఒకామె తల కిటికీ ఊచకు కొట్టుకొని నుదురు చిట్లింది. నాగేందర్ నేరుగా వచ్చి, వంగి ఉన్న బీరమ్మ కొప్పు పట్టుకొని వెనక్కి గుంజాడు.

“లేవే! చైర్మన్ సారు గెస్టులను తోల్కొని వస్తుండు. గిప్పుడే దొరికిందా నీకు?”

బీరమ్మ పొయ్యి ఇనుప స్టాండును రెండు చేతులా పట్టుకుంది. “జీతమియ్యి సారు. ఇస్తనని ఒక్క మాట చెప్పు, ఇప్పుడే అన్ని పొయ్యిలు ముట్టిస్త.”

అతను ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె వదల్లేదు. మళ్లీ కొట్టాడు. పెదవి పగిలి రక్తం కారింది. అయినా వదల్లేదు.

“ఆ చేతులు ఇడిపియ్యిరా,” అన్నాడు గార్డుతో.

గార్డు కర్రెత్తి ఆమె మణికట్టు మీద వేశాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఒక చెయ్యి ఊడింది. రెండో చేత్తో ఆమె ఇంకా స్టాండును పట్టుకొనే ఉండగా నాగేందర్ కొప్పు పట్టి బలంగా లాగాడు. ఆమెతో పాటు స్టాండు ఒరిగింది. గంజు జారింది.

ఉడుకుతున్న సాంబారు బీరమ్మ నడుము నుంచి పాదాల దాకా పడింది.

ఆ కేక మెస్సు దాటి, వాలీబాల్ కోర్టు దాటి, క్లాసు గదుల దాకా వినిపించింది. నాగేందర్ ప్యాంటు మీద నాలుగు చుక్కలు పడితే ఎగిరి వెనక్కి దూకాడు. అంతమ్మ చేతిలోని గంటె జారిపోయింది. ఆమె బకెట్టెత్తి బీరమ్మ మీద నీళ్లు గుమ్మరించింది. మళ్లీ ఒక బకెట్టు. చీర ఒంటికి అంటుకుపోయింది. తొడ దగ్గర గుడ్డ పైకి లాగబోతే దానితో పాటు తోలు లేచి వచ్చింది. అంతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“కాలేజీ బండి తెప్పియ్యిండ్రి సారు! సచ్చిపోతది!”

“మెయిన్ గేటుకాడ గెస్టులున్నరు. వెనుక గేటుకెంచి తీస్కపొండ్రి,” అన్నాడు నాగేందర్. కాసేపటికి గొంతు తగ్గించి, “కాలు జారి పడ్డదని చెప్పుండ్రి,” అని కలిపాడు.

వెనక గేటు బయట ఒక ఆటో దొరికింది. తడి దుప్పట్లో చుట్టిన బీరమ్మను అంతమ్మ ఒడిలో పడుకోబెట్టుకుంది. చేవెళ్ల దవాఖాన దాకా ప్రతి గుంతకూ బీరమ్మ అరిచింది. సగం దారిలో అరుపు ఆగింది. అంతమ్మ ఆమె ముఖం మీదికి వంగింది.

“బీరీ, మాట్లాడే. ఏదన్న అను. నన్ను తిట్టు.”

బీరమ్మ కళ్లు తెరిచింది. “ఎందుకు ముట్టిచ్చినవే అక్కా?” అన్నది.

అంతమ్మ దుప్పటి కొసతో ఆమె పెదవి మీది రక్తం తుడిచింది.

దవాఖానలో డాక్టరు చూసి నలభై శాతం కాలిందన్నాడు, మణికట్టు విరిగిందన్నాడు, పట్నం పెద్ద దవాఖానకు పంపాలన్నాడు. ఎట్లా జరిగిందని అడిగాడు. బీరమ్మ పళ్లు బిగించి నాగేందర్ పేరు చెప్పింది, కొప్పు పట్టి గుంజిన సంగతి చెప్పింది, కర్ర దెబ్బ సంగతి చెప్పింది. పోలీసు ఒకాయన వచ్చి రాసుకున్నాడు. అంబులెన్సు ఎక్కించేటప్పుడు బీరమ్మ మొగుడు సాముయేలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకిలలో కొత్త లేఅవుట్‌కు రాళ్లు పాతే పని మీద నుంచి వచ్చాడు. ఒళ్లంతా సున్నం దుమ్ము. భార్యను తాకడానికి ఎక్కడా చోటు దొరక్క, చివరికి ఆమె చెవి పక్కన వెంట్రుకల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

మూడు గంటలకు అంతమ్మ కోసం కాలేజీ జీపు వచ్చింది. పొద్దున బీరమ్మ కోసం రాని జీపు.

నాగేందర్ గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఒక కుర్చీలో అరుణశ్రీ మేడం, ఒళ్లో యాత్ర ఫైలు పెట్టుకొని కూర్చుంది. గోడ దగ్గర అఖిల నిలబడి ఉంది. వీసా ఫోటోలు దిగే రోజని కొత్త చుడీదార్ వేసుకుంది. తల్లి చీర మీద పసుపు మరకలూ రక్తపు మరకలూ చూసి ఆమె ముఖం పాలిపోయింది.

“కూసో వదినా,” అన్నాడు నాగేందర్. వాళ్లిద్దరిదీ మొయినాబాద్‌లో ఒకే గల్లీ. ఆమె భర్త శంకరయ్యను అన్నా అని, ఆమెను వదినా అని అతను ఒకప్పుడు పిలిచేవాడు. శంకరయ్య అజీజ్‌నగర్ ఫాంహౌస్‌లో వాచ్‌మన్‌గా కుదిరాక, తాను మేనేజర్ అయ్యాక ఆ పిలుపు మానేశాడు. పదేళ్లకు మళ్లీ ఇవాళ నోటికొచ్చింది.

“బీరమ్మ ఏదేదో చెప్పిందంట. నొప్పిల ఉన్న మనిషి, ఏమన్న చెప్తది. నువ్వు పొయ్యికాడనే ఉన్నవ్. కాలు జారి గంజు మీద పడ్డదని రాసి పెట్టిన. వేలిముద్ర ఎయ్యి. దవాఖాన ఖర్చు కాలేజీ పెట్టుకుంటది. మీ జీతాలు గూడ ఎల్లుండి ఇప్పిస్త.”

అంతమ్మ కాగితం వైపు చూసింది. నల్లటి గీతలు. చదవడం రాదు.

“ఎయ్యకపోతె?”

అతను సొరుగు తీశాడు. కాలేజీ ఖర్చుతో పోయే ఐదుగురి పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టి, వాటిలో ఒకటి వేరు చేశాడు. “గురువారం వీసాకు పంపేదున్నది. నాలుగు పంపుమంటవా, ఐదు పంపుమంటవా?”

“సార్, ఈ రెండింటికీ సంబంధం ఏముంది?” అన్నది అరుణశ్రీ. “అయినా నేను రాసిచ్చిన బడ్జెట్‌లో టికెట్లకు మేనేజ్‌మెంట్ ఫండ్ అని ఉంది. జీతాలని ఎక్కడా రాయలేదు.”

“ఫండ్ అంటే ఏందనుకున్నరు మేడం? చెట్టుకు కాస్తదా? మీ ఉద్యోగం గూడ ఇంకా పర్మనెంట్ కాలే. జర యాదుంచుకోండ్రి.”

అరుణశ్రీ ఫైలు తెరిచింది, మూసింది. లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లింది. తలుపు దానంతట అదే మూసుకుంది.

అఖిల తల్లి దగ్గరకు వచ్చి నేల మీద కూర్చుంది. “అవ్వా, బీరమ్మ చిన్నమ్మ ఎట్ల పడ్డదే?”

ఒక్క మాట అబద్ధం చెబితే చాలు. జారి పడ్డదంటే పిల్ల నమ్ముతుంది. గురువారం వీసా, పదహారో తారీఖు విమానం. తమ గల్లీలో విమానం ఎక్కే మొదటి మనిషి తన బిడ్డ. రెండు నెలలుగా అంతమ్మ పప్పు కడుగుతూ ఆ విమానాన్నే తలచుకుంది. ఇప్పుడు తలచుకోబోతే ఆటోలో తన ఒడి బరువే గుర్తొచ్చింది.

“పడలేదు బిడ్డా,” అన్నది. “నాగేందర్ కొప్పు వట్టి గుంజిండు. గార్డు చెయ్యి ఇరగ్గొట్టిండు. గంజు మీద వడ్డది.” బిడ్డ చెయ్యి పట్టుకొని, “అందరం ముట్టియ్యొద్దని ఒట్టు వెట్టుకున్నం. ఆ ఒక్క పొయ్యి ముట్టిచ్చింది నేను. నీ కోసమని ముట్టిచ్చిన,” అన్నది.

అఖిల తల్లి చీర మీది రక్తపు మరకను వేళ్లతో తాకింది. తర్వాత మెల్లగా లేచి నిలబడింది. “సార్, నా పేరు కొట్టెయ్యుండ్రి. చిన్నమ్మను కాలవెట్టిన పైసలతోని నేను పోను.”

నాగేందర్ కుర్చీ వెనక్కి పడేట్టు లేచాడు. “నువ్వు పోతె పో, పోకుంటె సావు. నాకు నీ అవ్వ ముద్ర కావాలె.” బల్ల చుట్టి వచ్చి అంతమ్మ కుడిచెయ్యి పట్టుకున్నాడు. స్టాంపు ప్యాడ్ మీద ఆమె బొటనవేలు అదిమాడు. వేలు నీలంగా తడిసింది. కాగితం మీదికి లాగుతుండగా అంతమ్మ ఆ బొటనవేలిని లోపలికి మడిచి, మిగిలిన నాలుగు వేళ్లూ దాని మీద బిగించింది.

“ఇప్పు.”

ఇప్పలేదు.

అతను ఆమె చిటికెనవేలు పట్టుకొని వెనక్కి విరిచాడు. కణుపు దగ్గర టక్కుమంది. అంతమ్మ నోటి నుంచి ఊపిరి మాత్రం బయటికొచ్చింది. అఖిల అతని మీద పడి భుజం పట్టి లాగింది. అతను మోచేత్తో ఆమె ముఖం మీద కొట్టాడు. ఆమె తలుపుకు గుద్దుకుంది. ముక్కు నుంచి కారుతున్న రక్తం తుడుచుకోకుండానే తలుపు రెక్కను బార్లా తెరిచేసింది.

బయట వరండాలో వీసా ఫోటోల కోసం సింగపూర్ పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. టైలు కట్టుకొని, తలలు దువ్వుకొని, చేతుల్లో కాగితాలు పట్టుకొని ఇరవై తొమ్మిది మంది. అందరి తలలూ గది వైపు తిరిగాయి. వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఒక్కరూ పక్కకు చూడలేదు.

వాళ్లందరి ఎదుట, రెండు చేతులూ పెట్టి, చెమటలు కక్కుతూ, నాగేందర్ ఒక ఆడమనిషి పిడికిలి విప్పడానికి గింజుకుంటున్నాడు.

“ఇడ్వు,” అన్నది అంతమ్మ. “నేను ముద్ర ఎయ్య.”